కుడి నుంచి ఎడమకు

"ఆవిడ వల్ల కాదండీ. చెయ్యి నిలబడట్లేదు" అని నేనే అన్నాను. పదిమంది ఆడవాళ్ళ ముందు, మరియమ్మగారు అక్కడే కుర్చీలో కూర్చుని ఉండగా, నా నోటితో నేనే అన్నాను. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అది నిజమే గానీ, ఆ రోజు నాకు కోపం కూడా లేదు. తెలిసిన విషయం చెబుతున్నాననే ధీమాతో అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నా పేరు సత్యవేణి. అమలాపురంలో బస్టాండు వెనక సందులో, మేడ మీద, కంప్యూటర్ పాఠాలు చెబుతాను. తీరిక దొరికినప్పుడు చుట్టుపక్కల కొట్లకీ, నర్సింగ్ హోములకీ, రైసుమిల్లులకీ ప్రోగ్రాములు రాసిస్తాను. ఫోన్లో ఆడుకునే యాప్‌లు కావు. పాత పద్ధతిలో, తెర మీద ఒక ఫారం, దాని మీద బటన్లు. నొక్కితే పని జరగాలి, అంతే. నా ప్రోగ్రాముల్లో తప్పులుండవని నాకు పేరుంది. ఆ పేరు పెట్టింది కూడా చాలామటుకు నేనే.

రాజోలు దగ్గర లేసు అల్లే ఆడవాళ్ళ సొసైటీ ఒకటుంది. దాని సెక్రటరీ వరప్రసాదంగారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన ఒకరోజు మా సెంటరుకి వచ్చి సంచిలోంచి గళ్ళ కాగితాల కట్ట తీశారు. ఒక్కో కాగితం మీద పెన్సిలుతో గడులు నింపుకుంటూ వేసిన బొమ్మలు. పావురాలు, గంటలు, గుత్తులతో వేలాడే ద్రాక్షతీగ.

"ఇవన్నీ మా మరియమ్మక్క వేసినవేనండి. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచీ మా నమూనాలన్నీ ఆవిడే వేస్తున్నారు. ఇప్పుడేమో కొనేవాళ్ళు కాగితం వద్దంటున్నారండీ. కంప్యూటర్లో వేసి పంపమంటున్నారు" అన్నారు.

నమూనా సంగతి కూడా ఆయనే చెప్పారు. నింపిన గడి దగ్గర దారం దట్టంగా అల్లుతారు, ఖాళీ గడి దగ్గర కన్నం వదులుతారు. ఆ కాగితం చూసుకుంటూ నలభై ఇళ్ళలో నలభై మంది అల్లుతారు. కాగితం మీద ఒక గడి తప్పితే నలభై బల్లగుడ్డలూ తప్పుతాయి.

మూడు వారాల్లో రాసేశాను. తెర మీద గళ్ళ కాగితం కనిపిస్తుంది. మౌస్ బటన్ ఒక గడి మీద నొక్కి, పట్టుకుని లాక్కుంటూ వెళ్ళి, ఇంకో గడి మీద వదిలితే ఆ మధ్యవన్నీ నల్లగా నిండుతాయి. బాణం గుర్తు ఎక్కడ తిరుగుతుంటే అక్కడి వరస నంబరూ గడి నంబరూ కింద మూల కనిపిస్తుంటాయి. ఇది కాక నాకో అలవాటుంది. ఎవరు ఎక్కడ నొక్కారో, ఎక్కడ వదిలారో మొత్తం ఒక ఫైల్లో దానంతటదే రాసుకునేలా పెడతాను. రేపెవరైనా మీ ప్రోగ్రాం పని చెయ్యట్లేదంటే చూపించి నోరు మూయించడానికి.

అమర్చడానికి వెళ్ళిన రోజు ఆ గది చూసి నవ్వొచ్చింది. కొత్త కంప్యూటరుకి లేసు ముసుగు, కీబోర్డుకి లేసు ముసుగు, ఆఖరికి మౌస్ కింద కూడా గుండ్రటి లేసు గుడ్డ. వరప్రసాదంగారు కళ్ళు మూసుకుని, ఈ యంత్రం మా చేతుల కష్టాన్ని దీవించు ప్రభువా అని ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే నేను మౌస్ పట్టుకున్నాను. బాణం గుర్తు మిడతలా గెంతింది. లేసు కన్నాల మీద మౌస్ కిందున్న లైటుకి దారి దొరకడం లేదు.

"ముందు ఈ గుడ్డ తియ్యండి" అన్నాను.

"నేనే అల్లేనండీ దానికోసమని" అంది ఒక సన్నటి గొంతు. తలెత్తి చూస్తే నీరుకావి రంగు చీరలో, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న మనిషి. మరియమ్మగారు అంటే ఆవిడే. గుడ్డ తీసి మడతపెట్టి జాకెట్టులో దోపుకున్నారు. మౌస్ కింద పాత క్యాలెండరు అట్ట పెట్టాను. బాణం బుద్ధిగా నడిచింది.

ఒక వరస నేను నింపి చూపించాను. ఆవిడ దగ్గరగా వంగి చూసి, "టీచరుగారూ, మేం అల్లేటప్పుడండీ..." అని ఏదో మొదలుపెట్టారు.

"అల్లికతో దీనికి సంబంధం లేదండీ. నొక్కడం, లాగడం, వదలడం. అంతే" అన్నాను.

"ఆయ్" అన్నారావిడ.

మా వైపు ఈ ఆయ్ ఒకటి. అవునన్నా ఆయే, సరేనన్నా ఆయే. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదుగానీ మీ మాట కాదనడం మర్యాద కాదన్నా అదే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ఈ సీమలోనే ఉన్నదాన్ని, నాకా తేడా తెలియదా? తెలుసు. ఆగి వినడానికి ఓపిక లేదు, అంతే.

మూడో రోజున ఫోను చేశారు. "టీచరుగారూ, కొన్ని పడతన్నాయండీ, కొన్ని పడటం లేదండీ."

"మధ్యలో బటన్ వదిలేస్తున్నారు మీరు. గట్టిగా నొక్కి పట్టుకోండి."

"గట్టిగానే పట్టుకుంటన్నానండీ."

"ఇంకొంచెం గట్టిగా పట్టుకోండి మరి."

"ఆయ్" అని పెట్టేశారు. ఆడలేక మద్దెల ఓడన్నదట, అనుకున్నాను. పైకి కూడా అన్నాను, పక్కన పాఠం వింటున్న పిల్లలు నవ్వారు.

ఆ తర్వాత గురువారం వరప్రసాదంగారు రమ్మంటే వెళ్ళాను. గదినిండా సొసైటీ ఆడవాళ్ళున్నారు. తెర మీద మరియమ్మగారు వేసిన ద్రాక్షతీగ ఉంది. ఉందంటే ఉందనాలి గానీ, కొన్ని వరసలు నిండుగా, కొన్ని వరసల్లో ఎక్కడో ఒక చుక్క, ఇంకెక్కడో ఒక చుక్క. చెయ్యి వణికేవాళ్ళు వేసినట్టుంది. ఆ పక్కనే జాయ్ అనే అమ్మాయి వేసిన తీగ ఉంది. డిగ్రీ చదివిన పిల్ల, మరియమ్మగారి పక్కింటి అమ్మాయి. ఆవిడ గీసిన కాగితం చూసే వేసింది. ఒక్క గడి పోలేదు.

"ప్రోగ్రాం ఒకటే, కంప్యూటరు ఒకటే. మరి తేడా ఎక్కడుందంటారండీ?" అని అడిగారు వరప్రసాదంగారు.

అప్పుడన్నాను ఆ మాట.

మరియమ్మగారు తన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని, ఎడమ చేత్తో దాని మీద కప్పుకున్నారు. చూపుడువేలు కొస ఎర్రగా వాచి ఉంది. గట్టిగా నొక్కమన్నది నేనే కదా.

"పోన్లెండి. జాయ్ వేస్తాది. నా కాగితాలు చూసి వేసుకోవచ్చు" అన్నారావిడ.

"నేను నీ దగ్గర నేర్చుకున్నదాన్నే కదత్తా. నాకిదేం బాగోలేదు" అంది జాయ్.

నమూనాల పని జాయ్‌కి అప్పగిస్తూ వచ్చే వారం శనివారం కమిటీలో తీర్మానం పెడదామన్నారు వరప్రసాదంగారు. ఆవిడ రేకు డబ్బా తెరిచి, దారం ఉండా కొక్కెం సూదీ అందులో పెట్టి మూత నొక్కడం చూశాను. చూసి, అలవాటు ప్రకారం ఆ కంప్యూటర్లో ఉన్న నా రికార్డు ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని, బస్సెక్కి వచ్చేశాను.

ఎనిమిది రోజుల తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం, రెండు బ్యాచీలకీ మధ్యలో అన్నం తింటుంటే వరప్రసాదంగారి ఫోను.

"మేడంగారూ, రేపే మీటింగండీ. మెంబర్లు ససేమిరా అంటన్నారు, మరియమ్మక్కని తప్పిస్తే ఊరుకోమంటన్నారు. ఆవిడేమో ఇంట్లోంచి బయటకే రావడం లేదు. మీరు చూసింది చూసినట్టు ఒక ముక్క కాగితం మీద రాసిస్తే అందరికీ చదివి వినిపిస్తానండీ."

"ముక్కేం ఖర్మ, సాక్ష్యమే ఇస్తాను" అన్నాను. చెయ్యి కడుక్కుని రికార్డు ఫైలు తెరిచాను. ఆవిడ ఎక్కడెక్కడ మధ్యలో బటన్ వదిలేశారో లెక్కతో సహా అచ్చు వేసి ఇద్దామని.

ఫైల్లో మొదటి లైను ఇలా ఉంది: నొక్కింది గడి 58, వదిలింది గడి 41.

రెండోది: నొక్కింది 58, వదిలింది 41.

మూడోది కూడా 58, 41. నాలుగోదీ అంతే. ఒకే చోట పదకొండుసార్లు నొక్కారావిడ. పదకొండుసార్లూ సరిగ్గా 58 దగ్గరే పట్టుకున్నారు, సరిగ్గా 41 దగ్గరే వదిలారు. మధ్యలో ఒక్కసారి కూడా బటన్ వదల్లేదు. ఒక్కసారి కూడా ఒక్క గడి అటు గానీ ఇటు గానీ జరగలేదు. ఆ గడి తెర మీద కందిబద్దంత ఉంటుంది. నన్ను పట్టుకోమంటే నాలుగోసారికే జారిపోతాను.

ఈ చేతినా నేను నిలబడట్లేదన్నది?

మరి గడులెందుకు నిండలేదు? 58 నుంచి 41. పెద్ద అంకె నుంచి చిన్న అంకెకి. కుడి నుంచి ఎడమకి లాగారావిడ. నా ప్రోగ్రాంలో నేను రాసిందేమిటి? నొక్కిన గడితో మొదలుపెట్టి, వదిలిన గడి దాకా, ఒక్కొక్క అంకె పెంచుకుంటూ నింపు. 41 నుంచి 58 దాకా పెంచుకుంటూ వెళ్ళొచ్చు. 58 నుంచి 41కి పెంచుకుంటూ ఎలా వెళ్తాం? కంప్యూటరు 58ని చూసింది, 41 ఎప్పుడో దాటిపోయింది, ఇక చేసేదేమీ లేదనుకుంది. తప్పు జరిగిందని ఒక్క మాటైనా చెప్పలేదు. దాన్ననడం దేనికి, ఆవిడ మాట నేనూ వినలేదు, అదీ వినలేదు.

ఒకే గడి అయితే మాత్రం నొక్కిందీ వదిలిందీ ఒకటే కాబట్టి అది పడింది. అవే ఆ చుక్కలు.

మూడు వారాలు పరీక్షించాను నేను. ప్రతిసారీ ఎడమ నుంచి కుడికే లాగాను, రాసే చెయ్యి కదా. జాయ్‌దీ రాసే చెయ్యే. ఇంకో రకంగా లాగే మనిషి ఉంటుందని నా బుర్రకి తట్టనే లేదు. కానీ ఆవిడ కూడా సగం వరసలు ఎడమ నుంచి కుడికే లాగారు. ఒక వరస ఇటు, ఒక వరస అటు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఎందుకైతేనేం, ఈసారి నిజంగా మద్దెలే ఓడు.

సరిచెయ్యడానికి ఒక్క వాక్యం పట్టింది. మొదలు పెద్దదైతే రెండిటినీ తారుమారు చెయ్యి, అంతే. ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల ఒక మనిషి ఎనిమిది రోజులుగా ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నం బ్యాచీ పిల్లలు వచ్చి కూర్చున్నారు, ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు.

ఫోన్లో చెప్పెయ్యొచ్చు. చెబితే వరప్రసాదంగారు ఆయన మర్యాదకొద్దీ, కంప్యూటర్లో చిన్న లోపమటండీ అని సర్దేస్తారు. నేనన్నది పదిమంది ముందు అన్నాను. పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి. "కాగితం నేనే తెస్తానండీ. మరియమ్మగారు మాత్రం తప్పకుండా రావాలి" అని చెప్పి పెట్టేశాను.

శనివారం పొద్దున్న రాజోలు బస్సులో కూర్చున్నంతసేపూ ఏమని మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను. ఒకరికి క్షమాపణ చెప్పి ఎన్నేళ్ళయిందో లెక్క కూడా గుర్తు లేదు. దిగి ఆటో ఎక్కి సొసైటీకి చేరేసరికి ప్రార్థన అయిపోయి, అందరూ చాపల మీద కూర్చుంటున్నారు. మరియమ్మగారు గుమ్మం పక్కన, లేచి వెళ్ళిపోవడానికి వీలుగా కూర్చున్నారు. చేతిలో డబ్బా లేదు. అల్లేవాళ్ళు ఆ ఊళ్ళో పెళ్ళికెళ్ళినా సూది వదలరు.

"కాగితం తెచ్చేరాండీ?" అన్నారు వరప్రసాదంగారు.

తెచ్చాను. ఆ పదకొండు లైన్లూ అచ్చు వేసి తెచ్చాను. దాన్ని ఆయన చేతిలో పెట్టి, అందరికీ వినపడేలా చెప్పాను. "ఆ రోజు నేనన్నది తప్పు. ఆవిడ చేతిలో ఏ లోపమూ లేదు. లోపం నా ప్రోగ్రాంలో ఉంది. ఎడమ నుంచి కుడికి లాగితేనే నింపేలా రాశాను. కుడి నుంచి లాగితే ఏమీ చెయ్యదు. ఆవిడ గడి తప్పకుండా పదకొండుసార్లు లాగేరు, నేను రాసిన దానికి ఒక్కసారీ కనపడలేదు."

ఆయన లెక్కల మాస్టారు కదా, కాగితం చూస్తూనే అర్థమైపోయింది. "యాభై ఎనిమిది, నలభై ఒకటి. పదకొండు సార్లూనా?" అని పైకి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మరియమ్మగారు మాత్రం ఆయన వంక గానీ నా వంక గానీ చూడలేదు. "టీచరుగారు నా మీద జాలితో చెబుతున్నారండీ" అన్నారావిడ, నేలకేసి చూస్తూ.

"జాలా? నా గురించి అడిగి చూడండి మా అమలాపురంలో, జాలి అనే మాట నా దగ్గర ఉందేమో. వచ్చి లాగండి" అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. జాయ్ వెళ్ళి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, మౌస్ మీద చెయ్యి వెయ్యడానికి కాస్త ఆలోచించారు. తర్వాత బాణాన్ని కింద వరసలో కుడి చివరకు తీసుకెళ్ళి, నొక్కి, ఎడమకి లాక్కుంటూ వచ్చి వదిలారు. పద్దెనిమిది గడులు నల్లగా నిండాయి.

ఆవిడ చెయ్యి తీసేసి తెర వంక చూశారు. మళ్ళీ లాగారు. మళ్ళీ నిండాయి. పై వరసకు వెళ్ళి ఈసారి ఎడమ నుంచి కుడికి. ఆ పై వరస కుడి నుంచి ఎడమకి. ఇక ఆగలేదు. గదిలో అందరూ లేచి వెనకాల చేరారు. ఒక్కో వరసకీ తీగ పైకి పాకుతూ వచ్చింది, ఆకు విచ్చుకుంది, గుత్తి దిగింది. ఆవిడ వేలు బటన్ మీద పడే చప్పుడు ఒక్కటే. నా భుజాలు అప్పుడు దిగాయి. నిన్న మధ్యాహ్నం నుంచీ వాటిని చెవుల దాకా బిగబట్టుకునే ఉన్నానని అప్పటిదాకా నాకు తెలియలేదు.

చివరి గడి వేసి ఆవిడ తన కుడిచేతిని మొహం ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. కళ్ళ నిండా నీళ్ళు.

"మా అమ్మకి సరిగ్గా ఈ వయసులోనేనండీ చెయ్యి పట్టు తప్పింది. ముందు అల్లిక పోయింది, తర్వాత మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది. మీరు ఆ మాట అనేసరికి నాకూ వచ్చేసిందనుకున్నానండీ. తొమ్మిది రోజులయ్యింది సూది ముట్టుకుని. ముట్టుకుంటే నిజం తెలిసిపోతుందని భయం."

తీర్మానం మాట ఎవరూ ఎత్తలేదు. జాయ్ ఒక్క పరుగున ఆవిడ ఇంటికి వెళ్ళి రేకు డబ్బా తెచ్చింది. మూత తీసేముందు ఆవిడ ఒకసారి జాయ్ వంక చూశారు గానీ, సూది చేతిలోకి రాగానే దారం దానంతటదే నడిచింది. ఒక వరస అల్లి, కొస రాగానే గుడ్డని ఇటు నుంచి అటు తిప్పారు. తిప్పి రెండో వరస మొదలుపెట్టారు.

నేను చూస్తూ నిలబడ్డాను. అందుకా, ఒక వరస అటూ ఒక వరస ఇటూ.

"మొదటి వరస కుడి నుంచి వస్తామండీ. గుడ్డ తిప్పేసరికి, కాగితం మీద రెండో వరస ఎడమ నుంచి చదువుకోవాలి. మూడోది మళ్ళీ కుడి నుంచి. మాకు చెయ్యి అలాగే తిరిగిపోయిందండీ, పెన్సిలు పట్టుకున్నా అంతే, ఇది పట్టుకున్నా అంతే" అన్నారావిడ సూది మీంచి చూపు తిప్పకుండా. ఇంకో గడి అల్లి, "అదేనండీ ఆ మొదటి రోజు మీకు చెప్పబోయేను" అన్నారు.

డబ్బా అడుగు నుంచి ఆ గుండ్రటి లేసు గుడ్డ తీసి ఆవిడ నా చేతిలో పెట్టారు. "మౌస్ కిందకి పనికిరాదన్నారు కదండీ. మీ ఇంట్లో మంచినీళ్ళ బిందె మీద వేసుకోండి. ఈసారి ఏదన్నా రాసేముందు మాత్రం కొంచెం మా మాట వినండి టీచరుగారూ."

"ఆయ్" అన్నాను.